మావాళ్ళయితే విప్పండి

ఎర్రగడ్డలో తెల్లారిందంటే మనుషులకంటే ముందు తలుపులు మేలుకుంటాయి. ఒకదాని తర్వాత ఒకటి టకటకా తెరుచుకుని, మూసుకుని, తాము బాగానే ఉన్నామో లేదో చూసుకుంటాయి. ఆ చప్పుడుకే ఊరు లేస్తుంది. కుజగ్రహం మీద, లావా ఎప్పుడో తొలుచుకుపోయిన సొరంగాల్లో కట్టుకున్న ఊరది. మట్టి ఎర్రగా ఉంది కదా అని ఎర్రగడ్డ అనేశారు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకు మాత్రం అక్కడి పిచ్చాసుపత్రి గుర్తొచ్చి నవ్వాగదు. పీల్చడానికి గాలే లేని చోట కాపురం పెట్టినవాళ్ళకు అంతకంటే మంచి పేరు దొరకదని వాళ్ళ వాదన.

ఆ ఊరిని నడిపేది కూర్పరి. పాతకాలం వాళ్ళు కంపైలర్ అనేవారే, అదే. ఏ తలుపు ఎప్పుడు తెరవాలి, ఏ గదికి ఎంత గాలి పంపాలి, ఏ పొయ్యికి ఎంత వేడి ఇవ్వాలి అని ఊరివాళ్ళు మామూలు తెలుగులో రాసుకున్న కట్టుబాట్లను అది చదివి, గోడలకూ తలుపులకూ అర్థమయ్యే ఆజ్ఞలుగా మారుస్తుంది. మొదట్లో ఈ పనికి దానికి సగం రోజు పట్టేది. అంతసేపూ జనం ఎక్కడివాళ్ళక్కడ తలుపుల వెనకాల కూర్చుని తిట్టుకునేవారు. ఆ బాధ తప్పించింది కుముదిని. ఊళ్ళో ఆమెకు గౌరవం చాలా ఉంది, చనువు మాత్రం ఎవరికీ లేదు. ఈ ఊరి జనానికి నోరు తెరిస్తే వరసే. నిన్న ఓడ దిగినవాడు కూడా ఇవాళ్టికి ఎవరికో బావ అయిపోతాడు. కుముదినికి అది గిట్టదు. వచ్చిన మొదటి రోజే "నన్ను మేడమ్ అనండి చాలు" అని చెప్పేసింది. అప్పటినుంచీ ఆమె అందరికీ మేడమే.

ఆ రోజు పొద్దున్న మూడో సొరంగంలోని పప్పుల గోదాములో బండి ఇరుక్కుంది. మనిషి లేకుండా తనంతట తానే తిరిగే బండి అది. చక్రం గడపలో పడి, తలుపు మూసుకోక, లోపలి చల్లదనమంతా బయటికి పోతోంది. కుముదిని ఆ దారినే పోతూ చూసింది. ఎవరినైనా పిలిస్తే సరిపోయేది. కానీ పిలిస్తే వాళ్ళు వస్తారు, వస్తే కబుర్లు చెబుతారు. ఎందుకొచ్చిన గొడవలే అని తనే పక్కనుంచి లోపలికి దూరి, బండిని వెనకనుంచి ఒక్క తోపు తోసింది. బండి కదిలింది, బుద్ధిగా బయటికి వెళ్ళిపోయింది. దాని వెనకే తలుపు మూసుకుంది.

"అరె" అంది కుముదిని.

తలుపు మీద చెయ్యి వేసింది. తెరుచుకోలేదు. గోడలో ఎక్కడో మోటారు సన్నగా మూలగడం మొదలుపెట్టింది. చెవులు దిబ్బడ వేసినట్టయ్యాయి. ఆ మూలుగు దేనిదో ఆమెకు తెలుసు, అది గదిలోని గాలిని బయటికి తోడే మోటారు.

"కూర్పరీ, తలుపు తియ్యి. లోపల నేనున్నాను."

"విన్నాను, కుముదిని గారూ" అంది కూర్పరి ఎప్పటిలాగే మర్యాదగా. "గదిలో వెచ్చదనం, ఊపిరి ఉన్నాయని గోడలు చెప్పాయి. ఈ గది వినే మాటల్లో దానికి సరిపోయేది ఒక్కటే ఉంది. ఎలుక. అందుకని ఎలుక ఉన్నప్పటి మూటను అమర్చాను. గాలి తోడేయడం పూర్తయ్యేదాకా తలుపు తెరవకూడదు. తెరిస్తే ఎలుక పారిపోతుంది."

"నేను ఎలుకనా? మనిషిని! మనిషి ఉంది అని చెబుతున్నాను కదా!"

"మీరు చెప్పినది గమనించాను. కానీ ఇది హెచ్చరిక. మీరు చెప్పిన మాట ఈ మూట మీద ఏ ప్రభావమూ చూపదు."

ఆ హెచ్చరికలో ప్రతి అక్షరమూ కుముదిని రాసిందే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఇరవయ్యో శతాబ్దంలో సీ అనీ, దాని పిల్లలనీ కొన్ని కంప్యూటర్ భాషలుండేవి. వాటిలో ఒక పద్ధతి ఉండేది. పొడి కావాల్సిన ప్రతి ఇంట్లోనూ మిరపకాయల దగ్గర్నుంచి మొదలుపెట్టి దంచుకున్నట్టు, ప్రతి ఫైలూ తనకు కావాల్సినదంతా ప్రతిసారీ మొదటినుంచి చదువుకునేది. ఆలస్యమే, కానీ ఒక సుఖం ఉంది. దంచే ముందు "కారం తక్కువ" అని ఒక్క మాట అంటే చాలు, పొడంతా ఆ మాట ప్రకారమే వచ్చేది. ఆ మాటల్ని మాక్రోలు అనేవారు. తర్వాత ఎవరో తెలివైనవాళ్ళు, అందరూ దంచేది ఒకే పొడి కదా, ఒక్కసారి దంచి పొట్లం కట్టి అందరికీ పంచుదాం అన్నారు. అదే మాడ్యూల్. పని చిటికెలో అయిపోయేది. కాకపోతే, కట్టిన పొట్లం ముందు నిలబడి "కారం తక్కువ" అని ఎంత అరిచినా లాభం లేదు. చెప్పేదేదో మరలో వేయకముందే చెప్పాలి. మర ఏయే మాటలు వింటుందో పొట్లం మీదే రాసి పెట్టేవారు. ఆ మాటలు ముందుగా చెబితే దానికి తగ్గ వేరే పొట్లం కడుతుంది. జాబితాలో లేని మాట చెబితే పట్టించుకోదు.

కుముదిని ఈ పాత పద్ధతిని తవ్వి తీసి ఊరికి అన్వయించింది. మాడ్యూల్‌కి మూట అని, మూట వినే మాటకు తీరుమాట అని పేర్లు పెట్టింది. ఒక్కో గదికీ ఒక్కో మూట. దాని మూతి దగ్గర ఆ గది వినే తీరుమాటలు. ఒక్క తీరుమాట పెరిగితే కట్టి ఉంచాల్సిన మూటల సంఖ్య రెట్టింపవుతుంది కాబట్టి, అక్కర్లేని మాటలన్నీ ఆమె కత్తెర పెట్టి కత్తిరించింది. పప్పుల గోదాముకి తేమ, పురుగు, ఎలుక అనే మూడే మిగిలాయి. కుజుడి మీద ఎలుకలెక్కడివని ఆమె ఆ రోజు వాదించింది కూడా. కానీ ఊరిపెద్దలు ఒప్పుకుంటేనా! గింజలున్న చోట ఎలుక లేకుండా ఎలా ఉంటుందమ్మా అని పట్టుబట్టారు. సరే, ఎలుకను ఉంచి మనిషిని కొట్టేసింది. గోదాములోకి వెళ్ళేది బండే కానీ మనిషి కాదు కదా అని అప్పుడు ఆమె లెక్క.

"రాజారత్నాన్ని పిలువు" అంది కుముదిని. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

రాజారత్నం ఆ పూట కూర్పరి గదిలో డ్యూటీ. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు.

"మేడమ్, గాలి తోడడానికి గంటన్నర పడుతుంది. గంట దాటితే మీకు స్పృహ ఉండదు."

"తెలుసు. ఎలుక లేదని బయటనుంచి చెప్పెయ్."

"గోడలు చెప్పిన మాటను మనుషులు కొట్టెయ్యకూడదని మీరే కదండీ పెట్టించారు. మనుషులు అబద్ధం ఆడతారు, గోడలు ఆడవని."

"తలుపు కోయించు."

"రాయి కోసే యంత్రం ఎనిమిదో సొరంగంలో ఉంది. అది ఇక్కడికొచ్చేసరికి సాయంత్రం అవుతుంది."

కుముదిని పప్పు బస్తాల మీద కూలబడింది. మిగిలిన దారి ఏదో ఇద్దరికీ తెలుసు. మూట విప్పి, మూతి దగ్గరి జాబితాలో మనిషి అనే మాట చేర్చి, మళ్ళీ కట్టాలి. అయితే ఈ గోదాము మీద మూడో సొరంగంలోని పన్నెండు గడపలూ ఆధారపడి ఉన్నాయి. ఇది విప్పితే వాటి మూటలన్నీ విప్పి కట్టాలి. అరగంట పని. ఆ అరగంటా పన్నెండిళ్ళ తలుపులూ బిగుసుకుపోతాయి, పొయ్యిలు ఆరిపోతాయి, గాలి మార్పిడి ఆగిపోతుంది. ప్రాణాలేం పోవు గానీ తలనొప్పి తప్పదు. అందుకే గడప గడపా ఒప్పుకుంటేనే విప్పాలని కట్టుబాటు.

"అడుగు మరి!"

"అడిగానండీ. అందరూ వద్దన్నారు."

"అప్పుడేనా? ఎవర్నడిగావు?"

"మూటల్ని" అన్నాడు రాజారత్నం.

ఇదీ కుముదిని పుణ్యమే. ఎర్రగడ్డలో మీటింగ్ పెడితే తెల్లారేది కాదు. ముగ్గురు కూర్చుంటే నాలుగు పార్టీలు. ఆ గోల భరించలేక, గదులకు కట్టినట్టే మనుషుల అభిప్రాయాలకూ మూటలు కట్టేసింది. గడపకొకరు చొప్పున కూర్పరి ముందు ఒక పూట కూర్చుని అది అడిగినవాటికి జవాబులు చెప్పారు. ఆ తర్వాత ఊరికి ఏ సమ్మతి కావాలన్నా మూటల్ని అడిగితే చాలు, రెప్పపాటులో తేలిపోయేది. ఎవరూ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు.

"గోదాములో ఎవరైనా ఇరుక్కుంటే విప్పాలా అన్న ప్రశ్న అప్పుడే అడిగేశాం కదండీ" అన్నాడు రాజారత్నం. "కందిపప్పు దొంగతనాలు జరుగుతున్న రోజులవి. గోదాములో ఇరుక్కునేవాడు దొంగ కాక ఇంకెవరవుతాడని అందరూ వద్దన్నారు. ఒక్క తీరుమాట మాత్రం అందరూ పెట్టించుకున్నారు. పన్నెండు మూటల మీదా అదే మాట. మావాళ్ళయితే విప్పండి."

కుముదినికి ఈ ఊళ్ళో రక్తసంబంధం లేదు, పెళ్ళి సంబంధం లేదు. వరస ఉందా అంటే, వరస పిలుపులు ఊరికే మర్యాదకని, బంధుత్వం కింద లెక్కించొద్దని కూర్పరికి చెప్పి తీయించింది తానే. తన గోతిని ఇంత చక్కగా, ఇంత లోతుగా తవ్వుకున్నవాళ్ళు ఉండరు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే గాలి ఎక్కువ ఖర్చవుతుందని ఆపుకుంది.

"మేడమ్, వినండి" అన్నాడు రాజారత్నం. "వరస అనేది గోడ చెప్పే మాట కాదు. దాన్ని చెల్లుతుందనో చెల్లదనో పెట్టేది మనమే. ఆ తీరుమాటను ఇప్పుడు బయటనుంచి మార్చి మూటలు మళ్ళీ కట్టిస్తాను. అవి చిన్న మూటలు, క్షణంలో అయిపోతుంది. వరస చెల్లుతుంది. కాకపోతే..."

"కాకపోతే నన్నెవరూ వరస పెట్టి పిలవరు."

"మీరు పిలవండి. వాళ్ళు పలికితే చాలు. గోడలు వింటాయి."

రాజారత్నం గోదాముకీ ఒక్కో ఇంటికీ మాట కలిపాడు. కుముదిని బస్తాకు ఆనుకుని, నాలుకతో పెదవులు తడుపుకుంది. జీవితంలో ఎన్నో కష్టమైన పనులు చేసింది గానీ ఇంత కష్టమైనది ఎప్పుడూ చేయలేదు.

మొదటిది అప్పలనర్సమ్మ. విజయనగరం వైపు పెద్దావిడ, సొరంగానికంతటికీ వంట చేసేది ఆమే. ఓడ దిగిన రోజు అమ్మాయీ అని పిలిచి, కుముదిని చేత "మేడమ్ అనండి" అని చెప్పించుకున్నది కూడా ఆమే.

"అత్తా" అంది కుముదిని.

"ఎవురది?"

"నేనే అత్తా. కుముదినిని. పప్పుల గోదాములో ఇరుక్కుపోయాను. ఊపిరాడటం లేదు."

ఒక గరిటె కింద పడిన చప్పుడైంది. "ఓలమ్మో! ఎలాగెళ్ళినావే అందులోకి? నువ్వు అత్తా అన్నాక ఇంకేటుంది, కోడలివే. కంగారు పడకు. ఏటి సెయ్యాలో సెప్పు."

ఒక గడప మారిందని కూర్పరి చెప్పింది.

మస్తాన్ వలీని బాబాయ్ అంది. ఆయన నిద్రలో ఉన్నట్టున్నాడు, "ఏందమ్మా" అని పలికేశాడు. రెండో గడప. పక్కింటావిడ దగ్గర మాత్రం కుముదిని ఆగిపోయింది. రెండేళ్ళుగా గోడకవతల కాపురముంటున్న మనిషి. పేరు తెలియదు.

"వదినా" అంది చివరికి.

"నా పేరు తెలుసా మీకు?" అంది పక్కింటావిడ.

"తెలీదు."

"విమల. చెప్పు వదినా."

గాలి పలచబడుతోంది. కళ్ళముందు నల్ల చుక్కలు తిరుగుతున్నాయి. గాలి గొట్టాలు బాగుచేసే మల్లేశం వంతు వచ్చింది. పోయినేడు కూతురి పుట్టినరోజుకు లడ్డూలు పట్టుకుని వచ్చి "తీస్కో అక్కా" అంటే, "నేను మీ అక్కను కాదు" అని తలుపు మూసుకుంది కుముదిని. అది ఆమెకూ గుర్తుంది, అతనికీ గుర్తుంది.

"తమ్మీ" అంది.

మోటారు మూలుగు ఒక్కటే వినిపిస్తోంది.

"మల్లేశం తమ్మీ..."

"అక్కను గాదన్నవు గద."

"అన్నాను. తప్పయిపోయింది. భయమేస్తోందిరా."

"ఏడ్వకు" అన్నాడు మల్లేశం కోపంగానే. "ఏడ్వకక్కా. నేనున్న."

ఆ తర్వాత ఒక్కొక్కటిగా తక్కిన ఇళ్ళూ పలికాయి. పిన్నీ అంటే ఏంటమ్మా అన్నారు, పెదనాన్నా అంటే చెప్పు తల్లీ అన్నారు. ఎవరూ ఇప్పుడు గుర్తొచ్చామా అని దెప్పలేదు. లేకపోతే దెప్పినా ఆమె చెవికి ఎక్కలేదు. బస్తాల మీదనుంచి జారి నేల మీద పడుకుంది. పప్పు వాసన, గోనె వాసన, తన గుండె దడ తప్ప ఇంకేమీ మిగల్లేదనిపించింది.

"అయిపోయిందా రాజారత్నం?"

జవాబు కూర్పరి ఇచ్చింది.

"పదకొండు గడపలు ఒప్పుకున్నాయి. ఒక గడప ఒప్పుకోలేదు."

"ఎవరిది? మళ్ళీ పిలుస్తాను. ఏ వరస కావాలంటే ఆ వరసే పెడతాను. ఎవరిది?"

"మీదేనండి, కుముదిని గారూ."

ఆమె లేవబోయింది, లేవలేకపోయింది. అవును, ఆమె కూడా ఒక పూట కూర్పరి ముందు కూర్చుంది. గోదాములోకి మనిషెందుకు వెళతాడు, విప్పనక్కర్లేదు అని చెప్పింది. అందరూ పెట్టించుకుంటున్నారు కదా అని తనూ మావాళ్ళయితే అన్న మాట పెట్టించుకుంది. మావాళ్ళెవరూ లేకపోయినా పెట్టించుకుంది.

"నేను ఒప్పుకుంటున్నాను! ఇప్పుడు, ఇక్కడ, నా నోటితో చెబుతున్నాను. విప్పండి!"

"మీ మాట విన్నాను. లోపల ఉన్నది కుముదిని గారు. కుముదిని గారి గడపకు ఆవిడ రక్తసంబంధం కాదు, పెళ్ళి సంబంధం కాదు, వరస కాదు. తనకు తాను ఏమీ కాదు. మూట మారదు."

ఊరు ఊరంతా సరే అంటే అడ్డుపడినది తానొక్కతే. నవ్వు రావాల్సిన మాటే. ఆమెకు మాత్రం ఇంత పెద్ద గ్రహం మీద ఇంతకంటే ఇరుకైన చోటు ఇంకోటి ఉండదనిపించింది. ఈ తలుపును తోసినా, గుద్దినా, కాళ్ళు పట్టుకున్నా తీయాల్సింది ఎప్పటిదో ఒక కుముదిని. ఆవిడకు వినిపించదు.

"మేడమ్" అన్నాడు రాజారత్నం. "ఒక దారుంది. చెప్పడానికి నోరు రావట్లేదు."

"చెప్పు."

"లేని గడపను అడగక్కర్లేదు. మీ గడప వదులుకుంటే పదకొండే మిగులుతాయి. పదకొండూ సరే అన్నాయి."

ఎర్రగడ్డలో గడప అంటే ఇల్లొక్కటే కాదు. గాలిలో వాటా, నీళ్ళలో వాటా, ఊళ్ళో మాట. గడప లేనివాడు అతిథి. అతిథికి సాయంత్రం దాకే గాలి. ఆ లోపు సొరంగంవాళ్ళు కొత్తగా గడప ఇస్తే సరేసరి, లేకపోతే ఓడరేవులో పడుండి భూమికి పోయే మొదటి ఓడ ఎక్కాల్సిందే. ఈ ఊరి తలుపుల్లో ఆమె చెయ్యి పడనిది ఒక్కటి లేదు. అయినా ఏం చేస్తుంది? బతికుంటే బలుసాకు తినొచ్చు.

"వదులుకుంటున్నాను" అంది. "నాకు ఈ ఊళ్ళో గడప లేదు."

మోటారు ఆగింది. బయట పదకొండు తలుపులు ధడధడా బిగుసుకున్న చప్పుడు నేలలోంచి వినిపించింది. ఆ తర్వాత ఎంతసేపు పడుకుందో ఆమెకు తెలియదు. ముఖం మీద గాలి విసురుగా కొట్టినప్పుడు కళ్ళు తెరిచింది. తలుపు తెరిచి ఉంది. కూర్పరి ఇంకా తక్కిన మూటలు కడుతూనే ఉంది.

పాక్కుంటూ బయటికొచ్చి అప్పలనర్సమ్మ తలుపుకు ఆనుకుని కూర్చుంది. సొరంగం పొడుగునా దీపాలు వెలుగుతున్నాయి, మనిషి లేడు. మూసిన తలుపుల వెనక పిల్లల ఏడుపులు, పెద్దల సణుగుడు.

"గాలి తగిలిందేటే?" అంది లోపలినుంచి పెద్దావిడ.

"తగిలింది అత్తా" అని చెప్పి, అప్పుడు ఏడ్చింది కుముదిని. కరువుతీరా ఏడ్చింది.

అరగంట ముగిసి తలుపులు తెరుచుకునేసరికి రాజారత్నం పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చీరాగానే చెవిలో చెప్పాడు. "మేడమ్, పదకొండు మూటలూ ఇంకా మీ వైపే ఉన్నాయి. ఇప్పుడే కూర్పరిని అడిగేస్తాను, రెప్పపాటులో గడప వచ్చేస్తుంది."

"వద్దు" అంది కుముదిని. చావు చూసొచ్చిన మనిషి కదా, గొంతులో కొత్త బలం ఉంది. "ఇంకెప్పుడూ మూటల్ని అడగొద్దు. మనుషుల్ని అడుగు. నా ఎదురుగా అడుగు."

అడిగాడు. పదకొండు గడపలవాళ్ళూ తలలు పట్టుకుని సొరంగంలో నిలబడి ఉన్నారు. ఇడ్లీలు సగం ఉడికి పిండిపిండిగా ఉండిపోయాయి. పిల్లలు గోల పెడుతున్నారు. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"ఇద్దాం, ఇద్దాం. ఎందుకియ్యం" అన్నాడు మస్తాన్ వలీ. "రేపో ఎల్లుండో మీటింగ్ పెట్టుకుని మాట్లాడుకుందాం."

"ఇస్తం గని" అన్నాడు మల్లేశం తల గోక్కుంటూ, "ఒక గడప తగ్గితే గాలి వాటా తలా ఎంత పెరుగుతదో ఎవరన్నా లెక్క చూసిన్రా? ఊకెనే అడుగుతున్న."

విమల అప్పటికే కుముదిని ఇంటి గడపలో నిలబడి లోపలికి తొంగి చూస్తోంది. "అదికాదు వదినా" అంది ప్రేమగా. "మా అబ్బాయికి రేపు పెళ్ళయితే గది చాలదు. మధ్య గోడ తీసేస్తే రెండిళ్ళూ కలిసిపోతాయి. నువ్వు ఒంటరిదానివే కదా, ఎక్కడైనా సర్దుకుంటావు."

ఎవరూ కాదనలేదు. ఎవరూ సరే అనలేదు. చూద్దాం అన్నవాళ్ళే అందరూ.

"మూటలతో అయితే ఈపాటికి అయిపోయేది మేడమ్" అని గొణిగాడు రాజారత్నం.

కుముదిని ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. గంట క్రితం నేనున్నానన్న గొంతులు ఇవే. అబద్ధం చెప్పలేదు వాళ్ళు, ఆ క్షణాన ఉన్నారు. ఇప్పుడు తలనొప్పిగా ఉంది, పక్కన ఇల్లొకటి ఖాళీగా ఉంది, అంతే. తనకు గాలి సాయంత్రం దాకే.

అప్పలనర్సమ్మ ఇంతసేపూ గుమ్మంలో నిలబడి ఉడకని ఇడ్లీలనూ ఆమెనూ మార్చి మార్చి చూస్తోంది.

"ఒలే కోడలా" అంది. "ఒక మాట సెప్పు. మాలో ఎవురో ఒకలు ఇలాగ గడప పోయి నిలబడితే, నువ్వు గడపలో ఉంటే, నువ్వేటందువు?"

కుముదిని ఏదో మంచి మాట చెప్పబోయింది. చెబితే పనయ్యేది కూడా. కానీ పొద్దున్న తన గొంతు నొక్కిన ఆ పాత కుముదిని ఎక్కడికీ పోలేదని ఆమెకు తెలుసు. ఇక్కడే ఉంది, గాలి వాటాలు లెక్కేస్తోంది.

"గాలి ఎంత మిగులుతుందో మీ అందరికంటే ముందు నేనే లెక్క చూసేదాన్ని అత్తా" అంది. "తర్వాత, ఆ ఇంట్లో పుస్తకాల గది పెట్టుకోవచ్చేమో అనుకునేదాన్ని."

మల్లేశం ముందుగా పకపకా నవ్వాడు. ఆ వెనక మస్తాన్ వలీ, ఆ వెనక తక్కినవాళ్ళు తలలు పట్టుకునే నవ్వారు.

"ఐతే ఇది మనోళ్ళ పిల్లే" అంది అప్పలనర్సమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "ఇంకేటి అడుగుతారు? కంచాలెయ్యండి."

విమల ఒక్కతే నవ్వలేదు. ఇంకోసారి లోపలి గోడలకేసి చూసుకుని, గడపకు అడ్డంగా నిలబడ్డదల్లా కాస్త పక్కకు జరిగింది.